డ్రైవింగు పరీక్షయు తక్కిన పరీక్షలును

పరీక్ష యను మాట చెవిని బడినంతనే విద్యార్థుల ముఖములు వాడుట మేము ప్రతి సంవత్సరమును చూచుచున్నాము. పదవ తరగతి పబ్లిక్ పరీక్షలు, ఇంటర్మీడియేటు పరీక్షలు, కళాశాల ప్రవేశ పరీక్షలు ఒకదాని వెంట నొకటి వచ్చుచునే యుండును. పదునెనిమిదేండ్లు నిండినతోడనే వీనికి మఱియొకటి చేరును. అది డ్రైవింగు పరీక్ష. పుస్తకముల పరీక్షలకు నెలలకొలది శ్రమించు విద్యార్థులే దీనిని మాత్రము రెండు దినముల పనిగా నెంచుచున్నారు. తలిదండ్రులలోను అట్లు తలచువారు కలరు. ఇది తక్కిన పరీక్షలకంటె చిన్నది కాదనియు, ఏ పరీక్షకైనను ఎట్లు సిద్ధము కావలయునో దీనినుండి చక్కగా నేర్చుకొనవచ్చుననియు చూపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

పరీక్ష యెందులకు?

ఒక పని చేయుటకు ఒకనికి శక్తి గలదని, వానిని ఎఱుగనివారు కూడ నమ్మగలుగుటకే పరీక్ష లేర్పడినవి. రోగి తన వైద్యుడు కళాశాలలో ఎట్లు చదివెనో చూడలేదు. అయినను పట్టాను నమ్మి తన దేహము నప్పగించును. అట్లే రోడ్డు దాటబోవు ముసలమ్మ, ఎదురుగా వచ్చు బండిని నడుపువా డెవరో యెఱుగదు. అతనికి బ్రేకు వేయుట తెలిసియుండునను నమ్మకముతో అడుగు ముందుకు వేయును. ఆ నమ్మకమునకు ఆధారము డ్రైవింగు లైసెన్సు.

ఈ సంగతిని గ్రహించుటకు జనులకు చాలకాలము పట్టినది. బ్రిటనులో 1903 నాటి చట్టము బండి నడుపువారికి లైసెన్సు ఉండవలెనని విధించెను గాని, వారి నేర్పును పరీక్షింపలేదు. 1934వ సంవత్సరమున ఆ దేశపు రోడ్లమీద 7,343 మంది మరణించిరి. 1935 మార్చి నెలలో ఇష్టపడినవారికి పరీక్షలు ప్రారంభమయ్యెను. ఆ యేటి జూను 1వ తేదినుండి, 1934 ఏప్రిలు 1వ తేదిన గాని ఆ తరువాత గాని నడుపుట మొదలిడినవారికెల్ల పరీక్ష నిర్బంధమయ్యెను. మన దేశమున 2022వ సంవత్సరమున రోడ్డు ప్రమాదములలో మరణించినవారి సంఖ్య 1,68,491. ఒక్క పరీక్షచేతనే ఈ మరణము లన్నియు ఆగునని మేము చెప్పము. కాని చేతగానివాని చేతికి బండి నిచ్చుట యెంతటి సాహసమో ఈ సంఖ్యయే చెప్పుచున్నది.

మన చట్టము కోరునది

ఏ పరీక్షకైనను సిద్ధమగుటలో మొదటి మెట్టు, ఆ పరీక్ష మననుండి ఏమి కోరుచున్నదో తెలిసికొనుట. పాఠ్యప్రణాళికను చూడకయే చదువ మొదలిడువాడు దారి యడుగకయే ప్రయాణమైన బాటసారివంటివాడు.

మన దేశమున 1988 నాటి మోటారు వాహనముల చట్టమును, 1989 నాటి కేంద్ర నిబంధనలును ఈ విషయమున ప్రమాణములు. సొంత బండి నడుపుటకు 18 ఏండ్లు నిండవలెను. 50 సి.సి.కి మించని ఇంజను గల మోటారు సైకిలును మాత్రము 16 ఏండ్లు నిండినవారు లైసెన్సు పొంది నడుపవచ్చును. నేడు రోడ్లపై తిరుగు గేర్లులేని పెట్రోలు స్కూటర్లలో అనేకములు 100 సి.సి.కి మించినవే కావున, ఈ మినహాయింపు వానికి వర్తింపదని తలిదండ్రులు గమనింపవలెను.

మొదట పొందవలసినది నేర్చుకొనువారి లైసెన్సు. దీనిని మనవారు ఎల్.ఎల్.ఆర్. అందురు. ఇందులకు రోడ్డు గుర్తులు, సిగ్నళ్లు, రోడ్డు నియమములు, ప్రమాదము జరిగినప్పుడు నడుపువాడు చేయవలసిన పనులు, కాపలాలేని రైల్వే గేటును దాటునపుడు వహింపవలసిన జాగ్రత్తలు, బండిలో నుంచుకొనవలసిన కాగితములు, వీనిపై ప్రశ్న లడుగుదురు. నూటికి అరువది వంతుల ప్రశ్నలకు సరియైన జవాబు లీయవలెను. ఎల్.ఎల్.ఆర్. ఆరు నెలలు చెల్లును. నేర్చుకొనునంతకాలము బండికి తెల్లని పలకపై ఎఱ్ఱని ఎల్ అక్షరము కట్టవలెను. కారు నేర్చుకొనువాని ప్రక్కన లైసెన్సు గల శిక్షకు డుండవలెను. కనీసము ముప్పది దినములు గడచిన పిదపనే నడుపు పరీక్షకు పోవచ్చును. అక్కడ అద్దము సరిచేసికొనుట మొదలు, గేర్లు మార్చుట, ఎత్తున ఆపిన బండిని వెనుకకు జారనీయక మరల కదల్చుట, మలుపులు తిరుగుట, వెనుకకు నడుపుట వఱకు అన్నియు చూతురు.

సిద్ధమగు విధము

రెండవ మెట్టు, చదివినదానిని పుస్తకము మూసి తనకు తాను అప్పగించుకొనుట. మన విద్యార్థులలో పెక్కుమంది ఒకే పుటను పదిమాఱులు చదివి, కంటికి పరిచయమైనదానిని మనస్సునకు వచ్చినదిగా భ్రమించుచున్నారు. రోడిగరు, కార్పికి యను అమెరికా శాస్త్రజ్ఞు లిద్దఱు 2006లో ప్రకటించిన ప్రయోగ మొకటి ఇచ్చట చెప్పదగినది. ఒక గుంపు విద్యార్థులు ఒక గద్యభాగమును నాలుగు తడవలు చదివిరి. మఱియొక గుంపువారు ఒక తడవ చదివి, తరువాత మూడు తడవలు చూడకుండ జ్ఞప్తికి తెచ్చుకొని వ్రాసిరి. అయిదు నిమిషముల తరువాత చూడగా చదివినవారిదే పైచేయి. ఒక వారము తరువాత చూడగా, చదివినవారికి నూటికి 40 వంతులును, వ్రాసి చూచుకొన్నవారికి 61 వంతులును జ్ఞాపకమున్నవి. పరీక్షకు ముందటి రాత్రి చదివినది పరీక్షాశాల దాటగనే ఏల మఱపునకు వచ్చునో దీనిచే తెలియగలదు. కావున రోడ్డు గుర్తుల పటమును ఊరక చూచుటకంటె, పేర్లను కప్పి, ఒక్కొక్క గుర్తును చూచి దాని యర్థమును చెప్పుకొనుట మేలు. గుండ్రని గుర్తులు సాధారణముగా ఆజ్ఞను, త్రికోణములు హెచ్చరికను, దీర్ఘచతురస్రములు సమాచారమును తెలుపునను మూలసూత్రము పట్టువడినచో తక్కినది సులభము.

మూడవ మెట్టు, పనిని దినములకు పంచుకొనుట. బ్రిటనులో తపాలా ఉద్యోగులకు కీబోర్డుపై అక్షరములు కొట్టుట నేర్పినప్పుడు, బాడలీ, లాంగ్‌మన్ అను వారు ఫలితములను పరిశీలించి 1978లో ప్రకటించిరి. దినమునకు ఒక్క గంట నేర్చుకొన్నవారు, దినమునకు నాలుగు గంటలు నేర్చుకొన్నవారికంటె మొత్తముమీద తక్కువ గంటలలోనే ఆ విద్యను పట్టుకొనిరి. చిత్రమేమనగా, దినములు ఎక్కువ పట్టినందున తమ పద్ధతి తమకే అంతగా నచ్చలేదని చెప్పినవారును వారే. మంచి పద్ధతి మొదట మెల్లగా సాగుచున్నట్లు తోచును. అంతమాత్రమున దానిని విడువరాదు. లెక్కలకైనను, వ్యాకరణమునకైనను, క్లచ్చిని వదలు నేర్పునకైనను ఇదియే నియమము. ఎల్.ఎల్.ఆర్.కును నడుపు పరీక్షకును నడుమ చట్టము విధించిన ముప్పది దినములను వ్యర్థముగా గడపి, చివరి రెండు దినములు బండి యెక్కుట ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుటవంటిది.

నాలుగవ మెట్టు, పరీక్షలో చేయవలసిన పనినే ముందుగా చేసి చూచుట. గట్టున కూర్చుండి ఈత నేర్చినవాడు లేడు. వ్రాత పరీక్షకు సిద్ధమగువాడు గడియారము ముందుంచుకొని పాత ప్రశ్నపత్రమునకు పూర్తిగా జవాబులు వ్రాయవలెను. బండి నేర్చుకొనువాడు ఖాళీ మైదానముతో తృప్తిపడక, శిక్షకుని ప్రక్కనుంచుకొని, ఎత్తునను, మలుపునను, సంత జరుగు వీధిలోను మెల్లమెల్లగా అభ్యసింపవలెను.

తరగతి పాఠమునకును రోడ్డునకును గల సంబంధము

భౌతికశాస్త్రములోని సూత్రములు మార్కులకు మాత్రమే పనికివచ్చునని తలచువారు ఈ లెక్క చేసి చూతురుగాక. గంటకు 36 కిలోమీటర్ల వేగముతో పోవు బండి సెకనుకు 10 మీటర్లు పోవును. 72 కిలోమీటర్ల వేగమైన 20 మీటర్లు పోవును. అడ్డము వచ్చినదానిని కన్ను చూచి కాలు బ్రేకు త్రొక్కులోపల ఒక సెకను గడచెననుకొందము. ఆపై బ్రేకు ప్రతి సెకనునకు వేగమును సెకనుకు 5 మీటర్ల చొప్పున తగ్గించుననుకొందము. మొదటి బండి బ్రేకు వేసిన పిదప 10 మీటర్లు జరిగి నిలుచును. రెండవది 40 మీటర్లు జరుగును. వేగము రెట్టింపైన బ్రేకు దూరము నాలుగింతలగును. త్రొక్కుటకు ముందు జరిగిన దూరమును కలిపిన మొదటిది 20 మీటర్లు, రెండవది 60 మీటర్లు. మొదటి బండికి 30 మీటర్ల దూరమున రోడ్డు దాటుచున్న బిడ్డ బ్రతుకును. రెండవ బండి నిలువజాలదు. తరగతిలో నేర్చిన సూత్రమునకు ఇంతటి విలువ గలదు.

తప్పుటయు, అడ్డదారియు

డ్రైవింగు పరీక్షలో తప్పినవారు ఏడు దినముల తరువాత మరల పోవచ్చును. మూడు తడవలు తప్పినవారు అరువది దినములు ఆగవలెను. ఇది శిక్ష కాదు. నేర్చుకొనుటకు ఇచ్చిన వ్యవధి. తప్పిన దినమున ఏ యంశమున లోపము కలిగెనో అధికారిని వినయముతో అడిగి, దానినే అభ్యసింపవలెను. పుస్తకముల పరీక్షలో తప్పినవారికిని మేము చెప్పునది ఇదియే. తప్పిన బిడ్డను ఇరుగుపొరుగువారి యెదుట నిందించు తలిదండ్రులు, ఆ బిడ్డ నిజమునకు ఏమి రాక తప్పెనో కనుగొను మార్గమును తామే మూసివేయుచున్నారు.

అడ్డదారి సంగతి వేఱు. పరీక్షాశాలకు చీటీలు తెచ్చువాడును, దళారికి పైకమిచ్చి లైసెన్సు పొందువాడును పరీక్షాధికారిని మోసగించితిమని సంతసింతురు. నిజముగా మోసపోయినవారు, ముందు చెప్పిన రోగియు ముసలమ్మయు. చీటీతో ఉత్తీర్ణుడైనవాని అజ్ఞానము కొన్నియేండ్లకు బయటపడవచ్చును. కొనుగోలు లైసెన్సుతో రోడ్డెక్కినవాని అజ్ఞానము మొదటి మలుపుననే బయటపడవచ్చును. ఈ రెండింటికిని భేదము కాలమునందే గాని గుణమునందు లేదు.

తలిదండ్రులకును, చిన్నవారికిని

మా పాఠకులలో హెచ్చుమందికి ఇంకను పదునెనిమిదేండ్లు నిండలేదు. బడికి ఆలస్యమగునను కారణమున బిడ్డ చేతికి స్కూటరు తాళము నిచ్చు పెద్దలు, 2019లో చట్టమునకు జరిగిన సవరణను తెలిసికొందురుగాక. మైనరు బాలుడో బాలికయో బండి నడిపి నేరము చేసినచో, సంరక్షకునికి గాని బండి యజమానికి గాని మూడేండ్ల వఱకు జైలును, 25,000 రూపాయల జరిమానాయు విధింపవచ్చును. బండి రిజిస్ట్రేషను పన్నెండు నెలలు రద్దగును. ఆ బిడ్డకు 25 ఏండ్లు నిండువఱకు లైసెన్సు పొందు అర్హత యుండదు. ముద్దుచేసి ఇచ్చిన తాళము బిడ్డకు ఏడేండ్ల కాలమును పోగొట్టును. ప్రాణమే పోయినచో చెప్పవలసినది లేదు.

బాలబాలికలారా, అంతవఱకు మీరు ఊరక యుండనక్కరలేదు. బడికి వచ్చు దారిలో కనుపించు ప్రతి గుర్తుకును అర్థము చెప్పుకొనుడు. సైకిలు మీద పోవునపుడు ఎడమవైపుననే పొండు. తిరుగుటకు ముందు వెనుక చూచి చేయి చూపుడు. నాన్నగారి బండిమీద వెనుక కూర్చున్నపుడు హెల్మెట్టు పెట్టుకొనుడు. వారు పెట్టుకొననిచో వినయముతో గుర్తుచేయుడు. మూడునాలుగేండ్లు ఇట్లు గడపినవారికి డ్రైవింగు పరీక్ష క్రొత్తది కాదు. దినదినమును కొంచెము నేర్చి, నేర్చినదానిని తామే పరీక్షించుకొనువారికి తక్కిన పరీక్షలును క్రొత్తవి కావు. రేపు మీ చేతికి వచ్చు పట్టాయైనను లైసెన్సైనను, మిమ్ము ఎఱుగనివారు మీయం దుంచిన నమ్మకమునకు తగినదిగా నుండుగాక.