చెక్క దొరికాకే డ్రిల్లు

చిరంజీవి సౌమ్యకి,

కొత్తింట్లో 65 అంగుళాల టీవీ గోడకి నువ్వే బిగిస్తానంటున్నావట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం. అయితే మన గుంటూరు ఇంట్లో ఇటుక గోడకి ఎక్కడ రంధ్రం వేసి ప్లగ్గు దిగ్గొట్టినా స్క్రూ పట్టేది. డాలస్‌లో ఆ ధీమా పనికిరాదు. నీకు కనిపించే గోడ అర అంగుళం జిప్సం బోర్డు. దాని వెనక నిలువుగా స్టడ్లని చెక్కలుంటాయి. టీవీ బరువు మొయ్యాల్సింది అవే.

ఒక స్టడ్ నడుమ నుంచి పక్కదాని నడుమకి మామూలుగా 16 అంగుళాలు, కొన్ని ఇళ్లలో 24. ఆ చెక్కకి టూ బై ఫోర్ అని పేరేగానీ మన వైపున్న ముఖం ఒకటిన్నర అంగుళమే. అందులో సరిగ్గా నడుమ పట్టుకోవడమే అసలు పని. స్టడ్ ఫైండర్ కొనుక్కో కానీ దాన్ని గుడ్డిగా నమ్మకు. చిన్న అయస్కాంతం గోడ మీద మెల్లగా జరుపు. బోర్డు బిగించిన స్క్రూల దగ్గర అది అతుక్కుంటుంది. అలా ఒకదాని కింద ఒకటి రెండు మూడు దొరికితే అక్కడ చెక్క ఉన్నట్టే. పైనుంచి కిందిదాకా ఎక్కడ పెట్టినా అతుక్కుంటే మాత్రం అది రేకు స్టడ్. టీవీ బ్రాకెట్‌ని బిగించే లాగ్ బోల్టులు దానికి పట్టవు, ఆగి నాకు ఫోన్ చెయ్యి.

తర్వాత ఆ గదికి కరెంటు ఆపేసి, బ్రాకెట్ కప్పేసే చోట సన్నని మేకుతో అటూ ఇటూ తడుము. గట్టిగా అడ్డుపడితే చెక్క, చటుక్కున జారితే ఖాళీ. రెండు అంచులూ గుర్తు పెట్టుకుని నడిమి గీత గీయి. ఆ బెజ్జాలన్నీ బ్రాకెట్ వెనక దాగిపోతాయి, అల్లుడు బెంగపడక్కర్లేదు. స్విచ్చులకీ ప్లగ్గు పాయింట్లకీ సరిగ్గా పైనా కిందా మాత్రం తడమకు. తీగలు స్టడ్ పక్కనుంచే నిలువుగా పోతుంటాయి.

5/16 అంగుళం లాగ్ బోల్టుకి 7/32 బిట్‌తో ముందు దారి చెయ్యి. లేకపోతే చెక్క చీలుతుంది. బ్రాకెట్ గోడకి బిగువుగా ఆనగానే ఆపెయ్, ఇంకా తిప్పితే బోర్డు నలుగుతుంది.

ముందుకు లాగే చెయ్యి ఉన్న బ్రాకెట్ మీద మోజు పడ్డావట. నాకవి నచ్చవు. పాతిక కిలోల టీవీని గోడ నుంచి 50 సెంటీమీటర్లు లాగావనుకో. పై బోల్టులకీ కింది వాటికీ మధ్య 20 సెంటీమీటర్లే ఉంటే, పై వరసని ఊడబెరికే లాగుడు అరవై కిలోలు దాటుతుంది. అదే కావాలంటే రెండు స్టడ్లు పట్టేది కొను. ఉత్త బోర్డులో దిగే ప్లాస్టిక్ యాంకర్లు ఫొటోలకి చాలు, పెట్టె మీద ఎన్ని పౌండ్లు రాసినా సరే.

టీవీ కరెంటు తీగని గోడ లోపలి నుంచి దించకు, అమెరికా కోడ్ ఒప్పుకోదు. టీవీ వెనకే ప్లగ్గు పాయింట్ పెట్టించుకో.

ఎత్తి తగిలించడానికి ఇద్దరు కావాలి. అల్లుడు ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆగు.

మీ మామయ్య