తాకీదు: నొక్కి చెప్పడంలోని అర్థం

తెలుగులో 'తాకీదు' అంటే గట్టి ఉత్తర్వు. ఇది అరబ్బీ మాట. అక్కడ దాని అర్థం నొక్కి చెప్పడం, ధ్రువపరచడం. గోల్కొండ సుల్తానుల కాలంలో మన బందరు వారి ప్రధాన రేవు. ఆనాటి కచేరీల పారశీ నుంచి రసీదు, వసూలు, తాకీదు వంటి మాటలు తెలుగులో కలిసిపోయాయి.

అరబ్బీలో నొక్కి చెప్పే పద్ధతుల్లో మూడు ముఖ్యమైనవి.

1. తిరిగి చెప్పడం. ఖుర్ఆన్ 94వ సూరా 5, 6 ఆయతుల్లో కష్టంతో పాటు సులువు ఉంటుందన్న హామీ వెంటవెంటనే రెండుసార్లు వస్తుంది. అర్-రహ్మాన్ సూరాలో ఒకే ప్రశ్న 31 సార్లు వస్తుంది.

2. వాక్యం ముందు 'ఇన్న' చేర్చడం. అంటే 'నిశ్చయంగా' అని.

3. 'ఇన్నమా'తో హద్దు గీయడం. అంటే 'మాత్రమే' అని. జకాత్ ఎవరికి చెందాలో చెప్పే 9వ సూరా 60వ ఆయతు ఈ మాటతోనే మొదలై, ఎనిమిది వర్గాలను పేర్కొంటుంది.

మన ఇళ్లలో ఉర్దూ 'హీ' చేసే ఈ పనిని తెలుగులో 'ఏ' చేస్తుంది. వ్యాకరణంలో దీన్ని అవధారణ అంటారు. "సంఘం ఆ అమ్మాయికి ఫీజు కట్టింది" అనే వాక్యం చూడండి. "సంఘమే" అంటే ఇంకెవరూ కట్టలేదని. "అమ్మాయికే" అంటే మిగతా పిల్లలకు కట్టలేదని. "ఫీజే" అంటే పుస్తకాలు, హాస్టలు ఖర్చు ఇంకా మిగిలి ఉన్నాయని. మాట్లాడేటప్పుడు గొంతు సాయం చేస్తుంది. 'అసలు' కాస్తా 'అస్సలు' అవుతుంది. కాగితం మీద గొంతు ఉండదు కాబట్టి 'ఏ' ఎక్కడ పెట్టామన్నదే ముఖ్యం.

దాతలకు దీనితో పనేమిటి? రసీదు మీద "జకాత్" అని ఉంటే ఆ డబ్బు ఆ ఎనిమిది వర్గాలకే చేరాలి. మసీదు కట్టడానికి అది చెల్లదన్నది అధికశాతం ఉలమాల మాట. "సదఖా" అని ఉంటే వెసులుబాటు ఎక్కువ. ఏమీ రాయకపోతే ఖర్చు పెట్టేవారికి సందేహం మిగులుతుంది.

సాయం కోరేవారికీ ఇదే వర్తిస్తుంది. పది దరఖాస్తుల్లో పదీ "అత్యవసరం" అంటే, రేపు ఆపరేషన్ ఉన్న మనిషి ఎవరో తెలియదు. "ఫీజుకు 25వ తేదీయే ఆఖరు, ఇంకా ₹6,000 కావాలి" అని రాస్తే చాలు, ఎర్ర సిరా అక్కర్లేదు.

ప్రవక్త (స) ఒక మాటను మూడుసార్లు చెప్పేవారని బుఖారీ హదీసు తెలుపుతుంది. వినేవారికి బాగా అర్థం కావాలన్నదే అందులోని ఉద్దేశం. కాబట్టి ఈసారి రసీదు రాయించేటప్పుడు మీ డబ్బు దేనికో ఆ ఒక్క మాట మీరే నొక్కి చెప్పండి.