చేలో దొరికిన వెండి బిళ్ల

ప్రశ్న: తుగ్గలి దగ్గర వేరుశనగ చేలో వాన వెలిశాక ఒక చిన్న వెండి బిళ్ల దొరికింది. ఒకవైపు రాజు తల, మరోవైపు కూర్చున్న స్త్రీ ఉన్నాయి. రోమన్ నాణెమేనా? దాచుకోవచ్చా?

జవాబు: ముందు ఒక మాట. దాన్ని చింతపండుతో తోమకండి. తోమితే అక్షరాలు అరిగిపోతాయి, నాణేనికి ప్రాణం ఆ అక్షరాలే.

మీ వర్ణన క్రీ.శ. 14–37 మధ్య రోమును ఏలిన టైబీరియస్ చక్రవర్తి దినారం అనే వెండి నాణెంతో సరిపోతోంది. బరువు నాలుగు గ్రాములకు కాస్త తక్కువ ఉండాలి. అంచు చుట్టూ అచ్చు అతుకు గీత కనిపిస్తే పోతపోసిన నకలని అనుమానించాలి. నంద్యాలలో 1932లో బయటపడినవి రోమన్ బంగారు నాణేలు. వెండికి గొప్ప సాక్ష్యం నల్గొండ జిల్లా అక్కనపల్లి: అక్కడ 1531 నాణేలు దొరికాయి, అన్నీ అగస్టస్, టైబీరియస్‌ల కాలపు రకాలే. క్రీ.శ. 64లో రోమన్ చక్రవర్తి నీరో దినారంలో వెండి పాలు తగ్గించాడు. మన వర్తకులు పాత నాణేలనే కోరుకున్నారనడానికి ఇది బలమైన కారణమని నా నమ్మకం.

ఇక దాచుకోవడం సంగతి. భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే 1878 చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. దొరికిన చోటు, లోతు రాసి పెట్టండి. చోటు తెలియని నాణెం చరిత్రకు సగమే పనికొస్తుంది.