మోటారును కాపాడు నీరు: ఆటపడవ నుండి బోరుబావి వరకు

నీరును విద్యుత్తును బద్ధశత్రువులని పెద్దలు మనకు చిన్ననాటి నుండి చెప్పుచు వచ్చిరి. తడిచేతితో స్విచ్చిని ముట్టరాదన్న ఆ మాట ప్రాణములు కాపాడు మాట. దానిని ఎన్నడును మరువరాదు. అయినను యంత్రలోకమున ఈ రెండింటికి స్నేహము కూడ కలదు. చెరువులో పరుగెత్తు ఆటపడవ మోటారును, భూమిలో వందల అడుగుల లోతున పనిచేయు బోరు మోటారును బ్రతికించునది నీరే. ఆ నీరు అందని నాడు రెండును కాలిపోవును. దీనికి కారణమేమో ఈ వ్యాసమున పరిశీలింతము.

నీటిపై యంత్రములను ఆడించవలెనన్న కోరిక మానవునికి క్రొత్తది కాదు. అర్తుఖీ పాలకుల కొలువులో నుండిన అల్-జజరీ అను మహాశిల్పి 1206లో ముగించిన తన యంత్రగ్రంథమున, కొలనులో తేలు పడవపై బొమ్మలు వాద్యములు మ్రోగించు ఏర్పాటును వర్ణించెను. 1898లో నికోలా టెస్లా న్యూయార్కు నగరమున ఒక చిన్న పడవను తీగ ఏదియు లేకుండ, రేడియో తరంగములతో నడిపి చూపెను. బ్యాటరీ, విద్యుత్ మోటారు, దూరనియంత్రణ గల నేటి ఆటపడవలు ఆ పడవ సంతతియే.

ఇక అసలు విషయమునకు వత్తము. మోటారు తాను గ్రహించిన విద్యుచ్ఛక్తిని పూర్తిగా యాంత్రికశక్తిగా మార్చలేదు. కొంత భాగము ఉష్ణముగా మారును. తీగలో పుట్టు ఉష్ణము విద్యుత్ ప్రవాహపు వర్గమునకు అనులోమానుపాతములో నుండునని జౌల్ నిరూపించెను. అనగా ప్రవాహము రెట్టింపైనచో ఉష్ణము నాలుగింతలగును. మోటారులు కాలిపోవుటలోని రహస్యమంతయు ఈ ఒక్క సూత్రమున ఇమిడియున్నది.

ఉష్ణము వలన కలుగు హాని మూడు విధములు. మొదటిది, రాగి తీగపై పూసిన బంధక పూత చెడిపోవును. ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు హెచ్చినకొలది ఆ పూత ఆయుష్షు సగమగునని ఇంజనీర్లు స్థూలముగా లెక్కింతురు. రెండవది, 10 డిగ్రీలకు సుమారు 4 శాతము చొప్పున రాగి నిరోధము పెరుగును. కావున వేడి మరింత వేడిని పుట్టించును. మూడవది, ఆటపడవ మోటారులలో వాడు సాధారణ రకపు నియోడిమియం అయస్కాంతములు 80 డిగ్రీల సెంటీగ్రేడు దాటినచో తమ బలమును కోల్పోవ మొదలిడును. చల్లారిన తరువాత కూడ పోయిన బలము తిరిగి రాదు.

ఒక లెక్క చూతము. ఆటపడవ మోటారు 500 వాట్లు గ్రహించుచున్నదనియు, దాని దక్షత 80 శాతమనియు అనుకొందము. మిగిలిన 100 వాట్లు వేడియే. నిమిషమునకు అది 6,000 జౌళ్లు. మోటారు బరువు 250 గ్రాములైనచో, అది ఒక డిగ్రీ వేడెక్కుటకు సుమారు 110 జౌళ్లు చాలును. వేడి బయటికి పోవు దారి లేనిచో, ఒక్క నిమిషములో ఉష్ణోగ్రత 50 డిగ్రీలకు పైగా పెరుగును. మన ఓరుగల్లు ఎండలో 35 డిగ్రీల వద్ద మొదలైన మోటారు నిమిషము తిరుగక ముందే 80 డిగ్రీలను దాటును.

ఇప్పుడు అదే మోటారు చుట్టు నిమిషమునకు అర లీటరు నీటిని పారించుదము. అర లీటరు నీరు ఒక డిగ్రీ వేడెక్కుటకు సుమారు 2,090 జౌళ్లు కావలెను. కావున ఆ 6,000 జౌళ్ల వేడిని మోసుకొనిపోవు నీరు కేవలము 3 డిగ్రీలు మాత్రమే వేడెక్కును! ఒకే పరిమాణము గల గాలితో పోల్చినచో, నీరు సుమారు 3,500 రెట్లు అధికముగా ఉష్ణమును మోయగలదు. నీటికి గల గొప్పతనము ఇదియే.

పడవలో ఈ ఏర్పాటు అతి సులభము. ప్రొపెల్లరు వెనుక, నీటిలో ఒక సన్నని గొట్టము మూతిని ముందునకు త్రిప్పి అమర్తురు. పడవ వేగమునకు నీరు తనంతట తానే అందులోనికి చొచ్చుకొనివచ్చును. వేరు పంపు అక్కరలేదు. ఆ నీరు సిలికాన్ గొట్టము ద్వారా వేగనియంత్రణ పరికరమును, మోటారుకు తొడిగిన అల్యూమినియం తొడుగును చల్లబరచి, పడవ ప్రక్కనుండి సన్నని ధారగా బయటపడును. నీరు తొడుగులోనే తిరుగును గాని తీగలను తాకదు.

ఇచ్చట విద్యార్థులు వేయవలసిన ప్రశ్న ఒకటి కలదు: వేడి ఎచ్చట పుట్టుచున్నది? బ్రష్షులు లేని మోటారులలో తీగచుట్టలు కదలని భాగమున ఉండును. ఆ భాగము వెలుపలి వైపున గల రకమునకు తొడుగు చక్కగా పనిచేయును. వెలుపలి డొల్లయే గిరగిర తిరుగు రకమునకు తొడుగు వేయుట సాధ్యము కాదు. దానిని బిగించిన పలకను చల్లబరచవలెను. బ్రష్షులు గల పాతరకపు మోటారులో తీగచుట్టలు లోపల తిరుగుచుండును గనుక, వేడి గాలి సందును దాటి బయటికి రావలెను. తొడుగు చల్లగానున్నను లోపల తీగ మాడిపోవచ్చును.

ఈ పాఠమును మేము నష్టపడి నేర్చుకొంటిమి. ఒక సెలవునాడు చెరువులో మేము నడిపిన పడవ మొదట చక్కగా పరుగెత్తెను. కొంతసేపటికి ప్రక్కధార ఆగిపోయినది. మేము వేగము చూచి మురిసితిమే గాని ధారను చూడలేదు. పడవను ఒడ్డుకు చేర్చునప్పటికి మాడిన వాసన వచ్చినది. విప్పి చూడగా గొట్టము మూతిలో నాచు చిక్కియున్నది. చుట్టును చెరువెడు నీరుండియు మా మోటారు నీరందక కాలిపోయెను. నీరు దగ్గర నుండుట చాలదు. అది వేడి పుట్టు చోటును తాకుచు కదలుచుండవలెను.

ఈ మాట మన జిల్లా రైతునకు మరింత వర్తించును. కాకతీయుల నాటి పాఖాల, రామప్ప, లక్నవరము చెరువుల నీరు వాలు ననుసరించి తానే పొలమునకు పారును. చెరువు నీరు అందని మెట్టభూములకు బావియో బోరో దిక్కు. బోరులో దింపు మోటారులలో నీటితో నింపు రకము మిక్కిలి వాడుకలో నున్నది. దాని తీగలకు ప్లాస్టిక్ పూత ఉండును గనుక నీరు తగిలినను భయము లేదు. ఆ నీరే బేరింగులకు కందెనగా కూడ పనిచేయును. మోటారు క్రిందను, పంపు పైనను ఉండును. క్రిందినుండి పైకి పోవు నీరు మోటారు ఒంటిని రాచుకొనుచు పోయి దానిని చల్లబరచును.

మరి బోరు మోటారులు ఏల కాలుచున్నవి? బోరులో నీరు తగ్గి మోటారు ఊరకే తిరిగినచో వేడిని మోయువారుండరు. ఒంటిపై బురద పేరుకొనినచో అది దుప్పటివలె వేడిని ఆపును. నీటి ఊట మోటారుకు పైభాగమున ఉన్నచో నీరు దానిని తాకకయే పంపులోనికి పోవును. అట్టిచోట మోటారు చుట్టు గొట్టపు తొడుగు అమర్చి నీటిని క్రిందినుండి రప్పించవలెను. వోల్టేజి పదవ వంతు తగ్గినచో, అదే పనికి ప్రవాహము సుమారు 11 శాతము, దానివలన ఉష్ణము సుమారు 23 శాతము పెరుగును. మూడు ఫేజులలో ఒకటి పోయినచో మిగిలిన తీగలలో ప్రవాహము సుమారు 1.7 రెట్లు, ఉష్ణము సుమారు మూడింతలగును. జౌల్ సూత్రము ఆటపడవకును బోరుకును ఒక్కటే.

కావున పాటింపవలసిన జాగ్రత్తలు ఇవి. మోటారును దింపుటకు ముందు శుభ్రమైన నీటితో నింపవలెను. ఫేజు పోయినను, నీరు తగ్గినను తానే ఆపు రక్షణ పరికరమును స్టార్టరు డబ్బాలో అమర్చవలెను. పోయు ధార సన్నగిల్లినచో వెంటనే ఆపి కారణము వెదకవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, సరఫరాను పూర్తిగా నిలిపివేయక మోటారును గాని డబ్బాను గాని ముట్టరాదు. ఎర్తు తీగ లేకుండ నడుపరాదు. కాలిన మోటారుకు మరల వైండింగు చేయించవచ్చును. పోయిన ప్రాణమును తేలేము.

వైండింగు పనిచేయు మిస్త్రీల ఇండ్ల నుండియు, వ్యవసాయదారుల ఇండ్ల నుండియు వచ్చిన విద్యార్థులు మన తరగతులలో ప్రక్కప్రక్కనే కూర్చుందురు. ఒకరి తండ్రి మోటారు కాలినచో పైరు ఎండును. మరొకరి తండ్రి దానిని బాగుచేయును. ఉర్దూలో హరారత్ అనినను, తెలుగులో ఉష్ణము అనినను, ఈ రెండిండ్లకును ఆ పాఠము అవసరమే. కళాశాల కమిటీ వారికి మా విన్నపము ఒక్కటే: కాలిపోయిన పాత బోరు మోటారు నొకదానిని నిలువుగా కోయించి, భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఉంచవలెను. దానికి వ్యయము స్వల్పము. మాడిన తీగను కన్నులార చూచిన విద్యార్థి జౌల్ సూత్రమును పరీక్ష ముగిసిన తరువాత కూడ మరువడు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు బోరు ధారను ఒకమారు నిలిచి పరిశీలించును.