మోటారు సైకిలు ప్రమాదములు – కారణములు

మన కళాశాల ఆవరణములోని వేపచెట్టు క్రింద ఒకప్పుడు సైకిళ్ళు నిలిచెడివి. నేడు అచ్చట మోటారు సైకిళ్ళు నిలుచుచున్నవి. తాడిమర్రి నుండియు, చుట్టుపట్ల పల్లెల నుండియు వచ్చు విద్యార్థులకు బస్సు వేళలు తరగతి వేళలతో కలియవు. కనుక ఈ వాహనము విలాసవస్తువు కాదని మేమెఱుగుదుము. పట్టుచీరల మూటతో ధర్మవరము పోవు నేతగానికి, పాలక్యానులతో పోవు రైతుకు, చదువుకొను బిడ్డకు ఇది కాళ్ళవంటిది. "బండి ఎక్కకుడు" అని చెప్పుట మా ఉద్దేశ్యము కాదు. బండి ఎందుకు పడుచున్నది, పడినపుడు మనిషి ఎందుకు మరణించుచున్నాడు అను రెండు ప్రశ్నలను మాత్రమే ఇచ్చట విచారింతుము.

కేంద్ర ప్రభుత్వ రవాణా శాఖ లెక్కల ప్రకారము 2022 సంవత్సరములో మన దేశమున రహదారి ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. వారిలో 74,897 మంది, అనగా నూటికి 44 మందికి పైగా, ద్విచక్ర వాహనములపై పోవుచుండినవారే. ఆ యేడు హెల్మెట్ లేక మరణించినవారు 50,029 మంది; అందు 14,337 మంది వెనుక కూర్చుండినవారు. వెనుకవానికి హెల్మెట్ ఎందులకని అడుగువారు ఈ అంకెను ఒకసారి చూడవలెను.

మన పెనుకొండ మీదుగా బెంగుళూరు పోవు 44వ నంబరు జాతీయ రహదారి మీదనే, కర్నూలు సమీపమున చిన్నటేకూరు వద్ద, 2025 అక్టోబరు 24వ తేదీ తెల్లవారకముందు జరిగిన ఘోరమును మీరందఱు వినియున్నారు. మొదట ఒక మోటారు సైకిలు డివైడరును తాకి పడెను. నడుపుచుండిన యువకుడు మరణించెను. అతడు మద్యము సేవించియుండెనని పరీక్షలో తేలెను. బండి మాత్రము చీకటిలో రోడ్డు మీదనే పడియుండెను. హైదరాబాదు నుండి బెంగుళూరు పోవుచున్న బస్సు దానిమీదుగా పోయి, క్రింద ఇఱుకుకొన్న బండిని ఈడ్చుకొనిపోగా మంటలు లేచి, నిద్రలోనున్న ప్రయాణికులలో 19 మంది దగ్ధమైరి. "నా ప్రాణము, నా ఇష్టము" అను మాట మా తరగతులలో అప్పుడప్పుడు వినబడుచుండును. ఆ పందొమ్మండుగురికి ఆ యువకుని పేరైనను తెలియదు.

ఇక వేగము సంగతి. గంటకు 40 కిలోమీటర్ల వేగమున బండి సెకనుకు 11 మీటర్లు పోవును. 60 కిలోమీటర్లయినచో సుమారు 17 మీటర్లు. అడ్డము కనబడి, బ్రేకు మీద చేయి పడుటకు ఒక సెకను పట్టును. తరువాత మంచి తారు రోడ్డు మీద బండి నిలుచుటకు 40 వేగమున ఇంకొక 10 మీటర్లు, 60 వేగమున 23 మీటర్లు కావలెను. వేగము ఒకటిన్నర రెట్లయినచో బ్రేకు దూరము రెండుంబావు రెట్లగుచున్నది. ఇది భౌతికశాస్త్రము చదివిన విద్యార్థులకు క్రొత్త కాదు. కాని లెక్క వ్రాసి మార్కులు తెచ్చుకొనిన విద్యార్థియే సాయంత్రము ఆ లెక్కను మఱచుట మాకు విచిత్రము. 60 వేగముతో గోడను గుద్దుట యనగా 14 మీటర్ల ఎత్తునుండి, దాదాపు నాలుగంతస్తుల మేడమీదనుండి, క్రిందపడుటతో సమానము.

బ్రేకును గూర్చి మన ప్రాంతమున ఒక అపోహ కలదు. ముందరి బ్రేకు పట్టినచో బండి పల్టీ కొట్టునని భయపడి చాలామంది వెనుక బ్రేకునే తొక్కుదురు. బండి ఆగునపుడు బరువంతయు ముందరి చక్రము మీదికి వచ్చును; కనుక నిలుపు శక్తియు ముందరనే హెచ్చు. వెనుక చక్రము మాత్రము బిగిసిపోయి ప్రక్కకు జాఱును. రెండు బ్రేకులను కలిపి, క్రమముగా బిగించుట నేర్వవలెను. ఇసుకమీద, వంపు తిరుగునపుడు మాత్రము ముందరి బ్రేకును గట్టిగా పట్టరాదు. అచ్చట ముందుగానే వేగము తగ్గించుట తప్ప వేఱు ఉపాయము లేదు.

ఇసుక అనగానే మన రోడ్లు జ్ఞప్తికి వచ్చుచున్నవి. పంట చేతికి వచ్చిన దినములలో ఉలవలు, రాగులు, కందులు రోడ్డుమీదనే పఱచి, పోవు బండ్ల చక్రములతోనే నూర్పిడి కానిత్తురు. రైతుకు కళ్ళము లేని బాధ మేమెఱుగనిది కాదు. కాని ఎండిన ఉలవకట్టె మీద రెండు చక్రముల బండి నిలువదు. హైదరాబాదు వంటి నగరములోనే, తీగల వంతెన సమీపమున, 2021 సెప్టెంబరు 10న నటుడు సాయి ధరమ్ తేజ్ బండి రోడ్డుమీది ఇసుకకు జాఱి పడెను. ఆయన తలకు హెల్మెట్ ఉండెను; కొన్నినాళ్ళు స్పృహ లేకున్నను బ్రతికి, మరల నటించుచున్నారు.

అమెరికాలో హ్యారీ హర్ట్ అను ఆచార్యుడు లాస్ ఏంజిల్సు ప్రాంతమున 900 ప్రమాదములను స్వయముగా పరిశోధింపజేసి 1981లో నివేదిక ప్రకటించెను. వేఱొక వాహనముతో జరిగిన ప్రమాదములలో మూడింట రెండు వంతులకు కారణము ఆ రెండవ వాహనమువాడు అడ్డము వచ్చుటయే. "బండి నాకు కనబడలేదు" అనునది వారి సామాన్యమైన సమాధానము. అందులకే మన దేశమున 2017 ఏప్రిల్ నుండి క్రొత్త బండ్లకు పగలు కూడ ముందుదీపము వెలుగునట్లు ఏర్పాటు చేసిరి. పగలు దీపమెందుకని కొందఱు దానికి స్విచ్చి పెట్టించి ఆర్పుచున్నారు!

స్త్రీలు వెనుక కూర్చుండునపుడు చీరకొంగు, ఓణీ, బురఖా అంచు చక్రములో చిక్కుట మఱియొక కారణము. చీర గార్డును అందము చెడునని తీసివేయరాదు.

హెల్మెట్ చరిత్ర కొంత ఆసక్తికరము. అరబ్బు దేశములలో పేరు మ్రోగిన లారెన్సు 1935 మే నెలలో ఇంగ్లండున ఇద్దఱు సైకిలు బాలురను తప్పించబోయి మోటారు సైకిలుపైనుండి పడి, ఆఱు దినములకు తలగాయముచే మరణించెను. ఆయనను చూచిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ ఒకరు. ఆ మృతి ఆయన మనస్సున నాటెను. సైన్యములోని మోటారు సైకిలు వార్తాహరుల గాయములను పరిశీలించి 1941లో ఆయన వ్యాసము ప్రకటించెను. ఆ యేడే బ్రిటిషు సైన్యము హెల్మెట్‌ను నిర్బంధము చేసెను. హెల్మెట్ వలన తలగాయము అవకాశము నూటికి 69 వంతులు, మరణము 42 వంతులు తగ్గునని 2008లో అనేక పరిశోధనలను కూర్చి చూచినవారు తేల్చిరి. ఐ.ఎస్.ఐ. గుర్తు లేని ఉత్త టోపీకిని, గవదక్రింద పట్టీ బిగింపని హెల్మెట్‌కును ఈ లెక్క చెల్లదు.

మా తరగతిలో ఒక బాలుడుండెను. పద్యము ఒక్కసారి వినినచో అప్పగించెడివాడు. ఉర్దూ షేర్లును అట్లే. ఒక సాయంకాలము ముగ్గురు ఒకే బండిపై పోవుచు పడిరి. ఇద్దఱికి మోకాళ్ళు చెక్కుకొనిపోయెను. వెనుక కూర్చుండిన ఇతనికి తల తగిలెను. ఇప్పుడతడు నడచును, నవ్వును, మమ్ము చూచి సలాము చేయును. పద్యము మొదటి పాదము మేమందించినచో రెండవ పాదము కొఱకు మా ముఖము చూచును.

2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము ప్రకారము పదునెనిమిదేండ్లు నిండని బాలుడు బండి నడిపి నేరము చేసినచో తండ్రికిగాని, బండి యజమానికిగాని మూడేండ్ల వఱకు జైలుశిక్షయు, 25,000 రూపాయల జరిమానాయు కలదు. ఇంటరు మొదటి సంవత్సరపు బిడ్డలకు తాళపుచెవి ఇచ్చుచున్న తలిదండ్రులు దీనిని గమనింతురు గాక. అదే చట్టము గాయపడినవానిని ఆసుపత్రికి చేర్చిన పరోపకారికి రక్షణ కల్పించుచున్నది. పోలీసులకు తన పేరు చెప్పవలెనను నిర్బంధము కూడ అతనికి లేదు. కనుక పడినవానిని చూచి ప్రక్కదారిన పోవుట మాని 108కి ఫోను చేయవలెను. మెడ కదలకుండ చూడవలెను, నీళ్ళు త్రాగింపరాదు.

కమిటీ పెద్దలకు ఒక మనవి. హెల్మెట్ ఎందుకు తేవని అడిగినపుడు విద్యార్థులు చెప్పు కారణము, తరగతిలో దానిని పెట్టుకొనుటకు చోటు లేదని. ఆ మాటలో కొంత నిజము కలదు. గ్రంథాలయపు వరండాలో గోడపొడవున రెండు వరుసల చెక్క అలమార, వరుసకు నంబర్లు వేయించి, వచ్చే విద్యాసంవత్సరమునకు ముందుగా కట్టించినచో ఆ కారణము ఉండదు. దాని కొలతలు మేము తీసియుంచినాము.