బందరుకు రెండు దినముల విద్యాయాత్ర

విహారయాత్ర అనగానే మన విద్యార్థులకు మొదట స్ఫురించేది సముద్రము. అందులో తప్పు లేదు. కాని సముద్రము మనము ఎప్పుడు వెళ్ళినా అక్కడే ఉంటుంది. మనుష్యుల పని అట్లు వేచి ఉండదు. ఈ సంగతి మేము కొంత నష్టపడి తెలుసుకొన్నాము.

క్రిందటి పర్యాయము మచిలీపట్నము వెళ్ళినప్పుడు శనివారమంతా మంగినపూడి తీరముననే గడచిపోయినది. ఆదివారము ప్రొద్దు వాలిన పిదప పెడన చేరినాము. అద్దకపు పనివారు అప్పటికే చేతులు కడుగుకొని ఇండ్లకు వెళ్ళిపోయినారు. ఒక వృద్ధుడు దయతలచి షెడ్డు తలుపు తీసినాడు. బల్లల మీద చెక్క అచ్చులు తప్ప మరేమీ లేదు. చివరి సంవత్సరపు విద్యార్థి ఒకడు ఒక అచ్చును చేతిలోనికి తీసుకొని, "మరల ఎప్పుడు వస్తామండీ?" అని మమ్ము అడిగినాడు. కూలి చేసుకొనే తండ్రి కూడబెట్టి ఇచ్చిన సొమ్ముతో వచ్చిన పిల్లవాడు. ఆ వేసవితో అతని చదువు ముగిసినది. మేము బదులు చెప్పలేకపోయినాము.

అందుచేత రాబోవు యాత్రకు పెడననే మొదట ఉంచవలెనని మా అభిప్రాయము. శనివారము తెల్లవారుజామున విజయవాడలో బయలుదేరి, గుడివాడ మీదుగా రైలులో పోయినచో పెడన దారిలోనే తగులుతుంది. కలంకారీ పని ఎండను, నీటిని నమ్ముకొన్నది. బట్టను కరక్కాయ రసములో తడిపి ఆరవేయుదురు. ఇనుప తుక్కును బెల్లపు నీటిలో ఊరవేసిన ద్రవముతో నలుపు వచ్చును. పటికతో అచ్చు వేసిన చోట, ఉడికించినప్పుడు ఎరుపు పట్టును. నడుమ పారే నీటిలో జాడించుట, మరల ఎండబెట్టుట. ఇది ఉదయము నుండి చూచినవారికే బోధపడును గాని సాయంత్రపు చుట్టపుచూపుకు చిక్కదు. 'కలం', 'కారీ' అను పారశీక పదములను మన ఉర్దూ విద్యార్థులకు విడమరచి చెప్పనక్కరలేదు. పేరులో కలమున్నను పెడనలో ప్రధానముగా వాడేది చెక్క అచ్చు. కలముతో వ్రాసే పద్ధతికి శ్రీకాళహస్తి ప్రసిద్ధి. ఈ తేడాను వారు అచ్చటనే కన్నులారా చూడవలెను.

ఆ రాత్రి బస బందరులో. గోలకొండ సుల్తానులకు ప్రధానమైన రేవు ఇదే. 1611లో ఆంగ్లేయులు ఇచ్చట వర్తకస్థానము నెలకొల్పినారు. డచ్చివారు వారికంటె ముందే వచ్చినారు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెనలో సుమారు ముప్పది వేలమంది మరణించినారు. ఈ మాట పిల్లలకు సముద్రపు ఒడ్డున కాక, ముందునాటి రాత్రి బసలోనే చెప్పుట మేలు. మరునాడు నీటిని వారు వేరే కన్నులతో చూచెదరు. అక్టోబరు, నవంబరు నెలలు తుఫానుల కాలము గనుక యాత్రను డిసెంబరులో గాని ఫిబ్రవరిలో గాని పెట్టుకొనవలెను.

ఆదివారము ఉదయము ఎండ ముదరక మునుపే మంగినపూడి. అక్కడ నల్లని నేల. లోతు తక్కువగా తోచుటచేత కుర్రవాండ్రు ధైర్యము చేసెదరు. మోకాలి లోతు దాటి ఎవరిని పోనీయరాదు. తిరిగి ఊరిలోనికి వచ్చి డచ్చివారి సమాధులు చూడవచ్చును. రాళ్ళ మీది చెక్కడములు ఇంకను చదువుటకు వీలుగా ఉన్నవి. కోటకు అరగంట చాలును.

మరలివచ్చునప్పుడు బస్సులో రావలెను. పామర్రు వద్ద దారి మళ్ళినచో కూచిపూడి. తానీషా ప్రభువు బందరు వైపు వెళుతూ అక్కడి ప్రదర్శనకు మెచ్చి, ఆ గ్రామమును కళాకారుల కుటుంబములకు అగ్రహారముగా ఇచ్చినాడని సంప్రదాయము చెప్పుచున్నది. ఒక సుల్తాను పేరు ఒక నాట్యగ్రామపు నోట ఇన్ని తరములు నిలిచియుండుట మన విద్యార్థులు విని రావలసిన సంగతి. ఆదివారము పాఠము జరుగునో లేదో ముందుగానే అడిగి తెలుసుకొనవలెను. పెడన విషయములో చేసిన పొరపాటు ఇక్కడ చేయరాదు.

కమిటీవారికి ఒక విన్నపము. మొత్తము ఖర్చు విద్యార్థుల మీదనే వేసినచో, రావలసినవారే రాలేకపోవుదురు. రానుపోను ప్రయాణపు ఖర్చు కళాశాల భరించి, భోజనము వారికి వదలినను చాలును. బందరు లడ్డు ఖర్చు మాత్రము ఎవరిది వారిదే. ఆ లెక్కలో మేము తలదూర్చము.