స్టెరాయిడ్ చుక్కలు వేస్తే కంట్లో ఏం జరుగుతుందో తెలుసా చెల్లీ?

చెల్లీ, ఎండలు ముదిరితే చాలు, పిల్లలు ఒకటే కళ్ళు నలుపుకుంటారు. మందుల షాపుకెళ్ళి ‘నిరుడు వాడిన చుక్కలే ఇవ్వండి’ అంటాం. రెండు పూటలు వేయగానే దురద మాయం. ఇక ఎవరు కన్ను నలిపినా ఆ చుక్కలే. సీసా మీద డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్ అనే పేర్లేవైనా ఉంటే అవి స్టెరాయిడ్లు. వాటి సంగతే నీతో మాట్లాడాలని.

కన్నీళ్ళు కాక, కంటి లోపల ఇంకో నీరు రాత్రీపగలూ ఊరుతూ ఉంటుంది. నల్లగుడ్డు అంచున, లోపలి వైపు, టీ వడగట్టే జాలీ లాంటి సన్నటి అల్లిక ఉంది. ఆ నీరు ఎక్కువగా దాని గుండానే బయటికి పోతుంది. అక్కడ దారి బిగుసుకుంటే కంట్లో ఒత్తిడి పెరిగి, వెనకున్న కంటినరం దెబ్బతింటుంది. మన పెద్దవాళ్ళు నీటికాసులు అంటారే, అదే గ్లకోమా. నొప్పి ఉండదు. చూపు పక్కల నుంచి తగ్గుతూ వస్తుంది కాబట్టి పిల్లలు చెప్పలేరు, మనకూ తెలియదు. పోయిన చూపు తిరిగి రాదమ్మా!

ఆ అల్లికను అంటిపెట్టుకుని బతికే కణాలున్నాయి. చెత్తను మింగి దారి శుభ్రంగా ఉంచేవి అవే. దానంగా వచ్చిన కళ్ళలోంచి వాటిని తీసి, ల్యాబ్‌లో పెంచి, డెక్సామెథసోన్ కలిపి రోజుల తరబడి గమనించారు. కణం లోపలి సన్నటి పోగులు చిక్కుపడి బిగుసుకున్నాయి. చుట్టూ ప్రొటీన్లు పేరుకున్నాయి. చెత్త మింగడం మందగించింది. మయోసిలిన్ అనే ప్రొటీన్ మాత్రం విపరీతంగా తయారైంది.

ఆ మయోసిలిన్ కథ అక్కడితో ఆగలేదు. కొన్ని కుటుంబాల్లో చిన్న వయసులోనే, తరతరాలుగా వచ్చే గ్లకోమాకు దాని జన్యువులోని లోపమే కారణమని 1997లో అమెరికాలోని అయోవా యూనివర్సిటీలో ఎడ్విన్ స్టోన్ బృందం కనిపెట్టింది. లోపమున్న ప్రొటీన్ సరిగా మడతపడక కణం లోపలే ఇరుక్కుపోయి, చివరికి ఆ కణాన్నే చంపుతుంది. మామూలు మయోసిలిన్ ఎక్కువైతే మాత్రం ఒత్తిడి పెరగదని తర్వాత ఎలుకల్లో తేలింది. ఇంత ఓపిగ్గా ఒక్కో ముడీ విప్పుకుంటూ వెళ్ళేవాళ్ళంటే నాకు ఎంతో గౌరవం. బిగుసుకున్న ఆ కణాలను సడలించే నెటార్సుడిల్ చుక్కలకు 2017లో అమెరికాలో అనుమతి వచ్చిందంటే ఆ ఓపికే కారణం.

స్టెరాయిడ్ చుక్కలకు అందరి కళ్ళూ ఒకేలా స్పందించవు. సుమారు మూడోవంతు మందిలో ఒత్తిడి ఎంతో కొంత పెరుగుతుంది, పిల్లల్లో ఇంకా త్వరగా. అలాగని డాక్టరు రాసినవి భయపడి మానేయకు. ఎన్నాళ్ళు వాడాలో, కంటి ప్రెషర్ ఎప్పుడు చూపించుకోవాలో అడుగు. సొంతంగా కొనడం మాత్రం వద్దు.

ఇంకో మాట. కార్నియా మార్పిడి చేశాక మిగిలే అంచులో ఆ అల్లిక ఉంటుంది, చాలా ల్యాబులకు కణాలు దొరికేది అక్కడి నుంచే. ఇంట్లో ఎవరైనా పోతే ఆరు గంటల్లోపు ఐ బ్యాంకుకు ఫోన్ చేయాలి. గ్లకోమా ఉన్నవాళ్ళ కళ్ళు కూడా పరిశోధనకు పనికొస్తాయి, వద్దంటారేమోనని ఆగకు.